కంట్లో ముడి

కొన్నాళ్ళుగా విజికి కంటినిండా నిద్ర లేదు. తెల్లారకముందే లేచి అమ్మ కంట్లో చుక్కలు వేయాలి. మధ్యాహ్నం మళ్ళీ, పొద్దుగూకాక మళ్ళీ. ఈ మధ్యలో నీళ్ళు, వంట, ఆసుపత్రి.

అమ్మ పంకజం రాయపురం రేవులో చేపలమ్మేది. నీటికాసుల జబ్బు ఆమె ఎడమ కన్నును ఎప్పుడో తినేసింది. కుడి కంట్లో ఒత్తిడి మందులకూ, మొదటి ఆపరేషనుకూ లొంగలేదు. చివరికి డాక్టరమ్మ ఆ కంట్లో సన్నటి గొట్టం అమర్చింది. కంట్లో ఎక్కువైన నీరు అందులోంచి బయటికి పోవాలి. అయితే నీరంతా ఒక్కసారిగా జారిపోతే కన్నే కుంగిపోతుందని, గొట్టానికి దారంతో ముడి వేసింది. కొన్ని వారాలకు ఆ దారం దానంతటదే కరుగుతుంది. అంతదాకా చుక్కలు ఆపకూడదు, వంగకూడదు, తలకు నీళ్ళు తగలకూడదు.

అమ్మోరి జాతర్లు జరిగే ఆడి నెల వచ్చినా ఒత్తిడి తగ్గలేదు. కన్ను దక్కితే పొర్లుదండాలు పెడతానని పంకజం వీధి గంగమ్మకు మొక్కుకుని ఉంది.

"దారమూ లేదు, గీరమూ లేదే. అమ్మోరే ముడి పట్టుకోనుంది. మొక్కు తీర్చేదాకా ఇడవదు."

"కన్ను దక్కితే కదమా పొర్లుతానన్నావు? ఇంకా దక్కలేదే!"

"అమ్మోరితో బేరమాడతావా? చేపలమ్మింది నేనా, నువ్వా?"

గుడిలో అంబలి పోసే ఆదివారం విజి నీళ్ళబిందెతో ఇంటికొచ్చేసరికి అమ్మ లేదు. గుడికి పరిగెత్తింది. పంకజం మెట్ల దగ్గర కూర్చుని తల వంచింది. పొర్లే ముందు తలమీద నీళ్ళు పోయడానికి పక్కింటి పొన్నుతాయి బిందె ఎత్తింది.

"అత్తా, పొయ్యొద్దు!"

విజి వీధిలో గొంతెత్తడం అదే మొదలు. అందరూ ఇటు తిరిగారు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఆ నీళ్ళు నామీద పొయ్యి. అమ్మ మొక్కు నేను పొర్లుతా."

"ఓయమ్మా! ఈ పిల్లకి నోరుందని నాకు తెలీదే!" అంది పొన్నుతాయి.

"ఒకరి మొక్కు ఇంకొకరు తీరిస్తే చెల్లునా?" పంకజం పూజారి కన్నియప్పన్‌ను అడిగింది.

"కడుపున పుట్టింది పొర్లితే చెల్లును. బిరిక్కిన కానీండమ్మా, ఆడ అంబలి చల్లారిపోతాంది."

తడిబట్టలతో విజి నేలమీద పడుకుంది. ఎండకు కాలిన రాళ్ళు మోచేతులను గీరాయి. జనం చూస్తున్నారని కళ్ళు గట్టిగా మూసుకుని దొర్లింది. పంకజం పక్కనే నడుస్తూ, వంగకుండా కాలివేళ్ళతోనే విజి పావడ కిందికి జరుపుతూ, "మెల్లిగా దొర్లే. గుడేమన్నా లేచిపోతాందా?" అని కసురుతూనే ఉంది.

తర్వాతి వారం డాక్టరమ్మ ఒత్తిడి కొలిచి, మళ్ళీ కొలిచింది. దారం కరిగిందనీ, గొట్టం పనిచేస్తోందనీ, ఒత్తిడి దిగిందనీ ఇంగ్లీషు కలిపిన అరవంలో చెప్పింది.

"ఏమంటాందే?" అంది పంకజం.

"పోయిన చూపు రాదంట. ఉన్నది నిలుస్తాదంట."

పంకజం విజి వైపు తిరిగింది. "సరేలే. నీ మొహం కనబడతాంది గదా," అంది. బయటికొచ్చాక, "చూస్తివా, అమ్మోరు ఇడిసింది," అంది.

దారమో, అమ్మోరో, వాదించే ఓపిక విజికి లేదు. బస్సెక్కి కిటికీకి తల ఆనించింది.

"పండుకోవే. స్టాపు నేను చూస్తాలే," అంది పంకజం.

నీకు కనబడుతుందా అని అడగాలనుకుంది విజి. అడగకముందే నిద్రపోయింది.