చివర చెప్పని సినిమా

తాండూరు నుంచి పొద్దున వికారాబాదు వైపు పోయే ప్యాసింజరు బండిలో, ఇంజను నుంచి మూడో పెట్టెలో, కిటికీ పక్క సీటు సత్యమ్మది. రిజర్వేషనే లేని బండిలో ఒక సీటు ఒక మనిషిది ఎట్లా అవుతుందంటే, సోమవారం పొద్దున ఆ సీటులో కూర్చుని ఆమె సినిమా చెబుతుంది కాబట్టి.

వినేవాళ్లు ముగ్గురు. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉండే దేవప్ప, ఏదో ఆఫీసులో గుమాస్తా మల్లేశ్వర్, బట్టల దుకాణంలో బిల్లులు కొట్టే నిఖిల. ముగ్గురికీ సినిమా అంటే ప్రాణం. ముగ్గురికీ తీరిక లేదు. మొదట్లో వంతులవారీగా చూసొచ్చి చెప్పుకుందామనుకున్నారు. మల్లేశ్వర్ చెబితే పేపరు చదివినట్టుంది, నిఖిల చెబితే హీరో చొక్కాల గురించి తప్ప కథ ముందుకు పోలేదు. వంతు తిరిగి తిరిగి సత్యమ్మ దగ్గర ఆగిపోయింది.

వాళ్లలో వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. సినిమా బాగాలేకపోతే చివరిదాకా చెప్పెయ్యాలి, ఇంకెవరూ పోయి ఆదివారం పాడుచేసుకోకుండా. బాగుంటే మాత్రం చివర చెప్పకూడదు. కథ మంచి పట్టులో ఉండగా సత్యమ్మ ఆగి కొంగుతో మూతి తుడుచుకుందంటే ఆ సినిమా చూడదగ్గదని అర్థం. బాగుందనే మాట ఆమె నోటితో అనక్కర్లేదు.

వికారాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె ఆయా. రోగులను పక్కకు తిప్పడం, దుప్పట్లు మార్చడం, ఎవరు కేకేస్తే వాళ్ల దగ్గరికి పరుగెత్తడం ఆమె పని. అక్కడ ఆమెకు పేరు లేదు, 'ఆయమ్మా' అంతే. ఇంట్లో కొడుకూ కోడలూ చెడ్డవాళ్లు కారు గానీ, ఆమె ఒక మాట మొదలుపెడితే అది పూర్తయ్యేలోపు వాళ్లు వేరే గదిలో ఉంటారు. ఆ మూడో పెట్టెలో ఒక్కచోటే ఆమె నోరు తెరిస్తే ముగ్గురు నోరు మూసుకుంటారు.

ఆ వారం ఇంకో ఆయా మానేసింది. శనివారం సత్యమ్మ రెండు డ్యూటీలు చేసి, ఆదివారం తెల్లవారి ఇంటికొచ్చి, ఇంత అన్నం తిని, మ్యాట్నీకి పోయింది. ఒళ్లు పోవద్దంటూనే ఉంది. పోకపోతే సోమవారం చెప్పడానికేముంటుంది? లారీ నడిపే తండ్రి, తల్లిలేని కూతురు, ఇద్దరి పోట్లాటలు. ఇంటర్వల్ దాకా బాగానే నవ్వింది. ఆ తర్వాత ఏసీ గాలి మోకాళ్లకు తగిలి హాయిగా అనిపించింది. అదే గుర్తు. మళ్లీ కళ్లు తెరిచేసరికి లైట్లు వెలిగి ఉన్నాయి, జనం లేచి నిలబడి ఉన్నారు, ముందు వరస ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. తండ్రీ బిడ్డా కలుసుకున్నారు కాబోలు, సంతోషంతో ఏడుస్తున్నారనుకుంది.

సోమవారం ధారూర్ దాటేదాకా కథ నడిపింది. కూతురు పరీక్ష రాయడానికి పట్నం పోతుంది, తండ్రి లారీ ఘాట్ రోడ్డు మీద ఆగిపోతుంది. అక్కడిదాకానే ఆమెకు తెలుసు. అక్కడ ఆగి, ఇంక చెప్పడానికేమీ లేక, కొంగుతో మూతి తుడుచుకుంది.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అయితె మంచిగున్నదన్నట్టు," అన్నాడు మల్లేశ్వర్. "సరే. నాలుగు వారాలైతె ఫోన్ల వస్తది. ఇంట్ల పండుకొని చూస్త."

"నువ్వు పండుకొని చూసుడు నాకు ఎర్క," అన్నాడు దేవప్ప. "పాటొస్తె దుంకిస్తవు, ఏడుపొస్తె దుంకిస్తవు. రెండున్నర గంటల సినిమాను ముప్పావు గంటల ముగిస్తవు. దాన్ని చూసుడంటరా?"

"గోకకు దేవప్పన్నా. నీ సీడీల దుకాణం మూతవడ్డది నా ఫోన్ వల్ల కాదు."

"మూతవడితే వడ్డది. నా సీడీలు ఇప్పటికీ పని చేస్తున్నయి. జామచెట్టుకు కట్టిన, ఒక్క చిలుక వస్తలేదు."

నిఖిల నవ్వింది. "నేనైతె అన్నం తినేటప్పుడు జరంత, బండిల జరంత, మూడు రోజులు చూస్త ఒక సినిమా. మూడో రోజుకు విలన్ ఎవడో మర్చిపోత."

"అది ఇంకో రోగం," అన్నాడు దేవప్ప. తర్వాత సత్యమ్మ వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "చెల్లె, ఒకటి అడుగుత. ఆఖరు చెప్పకు. నీలమ్మను తీస్కపోవచ్చునా?"

పెట్టెలో నవ్వు ఆగిపోయింది. దేవప్ప కూతురు రుచిత డిగ్రీ రెండో ఏడు చదువుతూ నిరుడు జ్వరంతో ఆసుపత్రిలో పోయింది. అప్పటినుంచి ఆయన భార్య నీలమ్మ గడప దాటలేదు. అది మిగతా ముగ్గురికీ తెలుసు.

తెలియదని చెప్పాల్సిన క్షణం అదే. నిద్రపోయానని చెబితే ఏమవుతుంది? మల్లేశ్వర్ ఏడాదిపాటు ఆట పట్టిస్తాడు. వచ్చే సోమవారం ఇంకెవరో చెబుతారు. సత్యమ్మకు ముందు వరస ఆడవాళ్ల తడి కళ్లు గుర్తొచ్చాయి.

"తీస్కపో అన్నా," అంది.

గురువారం ఆసుపత్రిలో దుప్పట్లు మడత పెడుతుంటే ఇద్దరు నర్సులు టీ తాగుతూ అదే సినిమా మాట్లాడుకుంటున్నారు. "ఆఖర్ల ఆ పిల్లను దవాఖాన్ల సంపేసిన్రు గదనే, నేనైతె రెండు దస్తీలు తడిపిన," అంది ఒకామె. సత్యమ్మ చేతిలోని దుప్పటి అట్లాగే ఉండిపోయింది. "ఆయమ్మా, మూడో నంబరు మంచానికి తొందరగా ఎయ్యి," అని కేక వినిపిస్తే కదిలింది.

శుక్రవారం బండిలో చెప్పేద్దామనుకుంది. దేవప్ప ఆమె కంటే ముందే మొదలుపెట్టాడు. "చెల్లె, నిన్న నీలమ్మ పెట్టె తెరిచింది. ఏ చీరె కట్టుకోవాలె అని నన్ను అడిగింది. నన్ను. ముప్పై ఏండ్ల కాపురంల ఎన్నడు అడగలే." మల్లేశ్వర్ ఆయన భుజం తట్టాడు. సత్యమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. శనివారం మళ్లీ రెండు డ్యూటీలు. మధ్యలో మెట్ల దగ్గర నిలబడి దేవప్పకు ఫోన్ కలిపింది. నీలమ్మ ఎత్తింది.

"సత్తెమ్మా, రేపు పోతున్నం," అంది నీలమ్మ. "నువ్వు చెప్పినవంట గద."

"అవును వదినా," అంది సత్యమ్మ. "పోయి రాండ్రి." ఫోన్ పెట్టేసి అక్కడే మెట్టు మీద కూలబడింది. కాళ్లు నొప్పులని తనకు తాను చెప్పుకుంది.

ఆదివారం ఇంటికి పోలేదు. స్టేషనులో దిగి, మొహం కడుక్కుని, నేరుగా థియేటరు గేటు దగ్గరికి పోయి నిలబడింది. దేవప్ప ఇస్త్రీ చొక్కాలో ఆటో దిగాడు. వెనక నీలమ్మ దిగింది, సన్నబడిపోయి, ఆకుపచ్చ చీరలో. ఎండకు కళ్లు చికిలించి చుట్టూ చూసింది, ఊరు మారిపోయిందేమో అన్నట్టు.

సత్యమ్మ దేవప్పను బండ్లు పెట్టేచోటికి పిలిచింది.

"అన్నా, నేను సినిమా సగమే చూసిన. ఇంటర్వల్ అయినంక నిద్రపోయిన. ఆఖర్ల ఆ పిల్ల సచ్చిపోతదంట. దవాఖాన్ల."

దేవప్ప చేతిలో టికెట్లున్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాడు.

"సోమారం చెప్తే ఏమైతుండె?"

"ఏమైతుండె. మీరంత నవ్వుతుండె. నన్నింక అడగరు అనుకున్న."

"మంచి పని చేసినవు," అన్నాడాయన. కోపం లేదు. కాలేజీ గేటు దగ్గర రోజూ ఆలస్యంగా వచ్చే పిల్లలతో మాట్లాడే గొంతు. అరిచినా లాభం లేదని తెలిసినవాడి గొంతు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఇంటికి తీస్కపోత అంటె ఎందుకంటది. ఏం చెప్తం? ఒక పని చేద్దాం. నా దుకాణంల ఒక్కో సినిమాకు రెండు సీడీలుంటుండె. రెండోది గీతలు వడ్డదని ఎంతమంది వాపసు తెచ్చిచ్చిన్రో. సగం సినిమా చూసి ఎవ్వరు సావలే. మనం గూడ మొదటి సీడీ చూసి లేద్దాం. నువ్వు గూడ రా. నేనొక్కన్ని చెప్తే వినదు."

ఇంకో టికెట్ తీసుకున్నారు. నీలమ్మను మధ్యలో కూర్చోబెట్టారు.

మొదటి సగం సత్యమ్మకు తెలిసిందే. తెరను కాదు, నీలమ్మను చూస్తూ కూర్చుంది. కూతురు తండ్రి మీసానికి రంగు వేసేచోట నీలమ్మ నవ్వింది. చప్పుడు లేదు, భుజాలు కదిలాయి. దేవప్ప భార్య నవ్వును ఒకసారి, తెరను ఒకసారి చూశాడు.

ఇంటర్వల్ లైట్లు వెలిగాయి. దేవప్ప చటుక్కున లేచాడు. "పా, బస్టాండు కాడ వేడి వేడి మిర్చీలు తిందాం."

"కూసో," అంది నీలమ్మ.

"మబ్బు వట్టింది, వానొచ్చేటట్టుంది."

"వస్తె రానీ. మనం లోపలున్నం. కూసో."

దేవప్ప సత్యమ్మ వైపు చూశాడు. తాను చేసిందాన్ని తానే దిద్దుకోవాలని ఆమెకు అర్థమైంది.

"వదినా," అంది సత్యమ్మ, "అన్నది ఏం లేదు, తప్పు నాది. ఈ సినిమా ఆఖర్ల మంచిగుండదు. లే, పోదాం."

నీలమ్మ ఆమె వైపు తిరగలేదు. తెర మీద ఏదో సబ్బు ప్రకటన నడుస్తోంది, దాన్నే చూస్తూ అంది. "పిల్ల సచ్చిపోతది. పక్కింటామె మంగళారమే చెప్పింది."

"తెలిసి వచ్చినవా?" అన్నాడు దేవప్ప.

"తెలిసే వచ్చిన. నడుమ లేపకుండ్రి నన్ను."

దేవప్ప మెల్లగా కూర్చున్నాడు. లైట్లు ఆరిపోయాయి.

ఈసారి సత్యమ్మకు నిద్ర రాలేదు. కళ్లు ఇసుక పోసినట్టు మంటగా ఉన్నా తెర మీది ఆసుపత్రిని చూస్తూ ఉండిపోయింది. అది ఆసుపత్రే కాదనిపించింది. అంత జబ్బు మనిషి తల దగ్గర అంత పెద్ద కిటికీ ఉండదు. మూడు రోజులైనా దుప్పటి మారలేదు. ఆ పిల్లకు అంతవరకూ తలనొప్పి కూడా లేదు, ఉన్నట్టుండి మంచం పట్టించారు. ఏడిపించడానికే చంపుతున్నారని సత్యమ్మకు ఒళ్లు మండింది.

పక్కన నీలమ్మ మొదట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు జారిపోయింది. నోరు తెరిచి, గొంతు వదిలి ఏడ్చింది. చుట్టూ అన్ని వరసల్లో ముక్కులు చీదుకుంటున్నారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. దేవప్ప చెయ్యి నీళ్ల సీసా మీదికి పోయింది. అవతలి నుంచి సత్యమ్మ వద్దని తల ఊపింది. ఆ చెయ్యి అక్కడే ఆగింది.

అయిపోయాక బయట కుళాయి దగ్గర నీలమ్మ మొహం కడుక్కుంది. జనం పలచబడేదాకా ముగ్గురూ మెట్ల మీద కూర్చున్నారు. వాన లేదు, ఉక్కపోత.

"ఇప్పుడు చెప్పు చెల్లె, ఎట్లున్నది?" అన్నాడు దేవప్ప.

"మంచిగ లేదు. ఆ పిల్లను ఉత్తగనే సంపిన్రు. రేపు బండిల ఆఖరుదంక చెప్పేస్త. నిద్రపోయిన సంగతి గూడ నేనే చెప్త."

"నాకు మంచిగున్నది," అంది నీలమ్మ, కొంగుతో చెవుల వెనక తుడుచుకుంటూ. "ఇంకోపారి చూస్త."

దేవప్ప తేలికపడ్డాడు. "ఫికర్ లేదు. నెల రోజులైతె ఫోన్ల వస్తది. మల్లేశ్వర్ పెట్టిస్తడు. ఇంట్ల కూసొని ఎన్నిసార్లన్న చూడు."

"ఇంట్ల వద్దు. ఇంట్ల ఏడిస్తె నువ్వు నీళ్లు పట్టుకొనొస్తవు. పక్కింటోళ్లు ఉరికొస్తరు. ఊకో ఊకో అంటరు. ఏడాదిసంది అదే." నీలమ్మ చెప్పులు సరిచేసుకుంది. "వచ్చే ఆదివారం గూడ ఆడుతదా ఇది?"

"ఆడుతది."

"అయితె ఇక్కడికే తీస్కరా. సత్తెమ్మా, నువ్వు గూడ రావాలె."

"నేను రాను వదినా. నాకు ఉండేది ఆదివారమొక్కటే. పండుకోవాలె. నిన్నటిసంది పండుకోలే నేను."

"వచ్చి పక్క సీట్ల పండుకో. ఎవరు వద్దన్నరు? నాకు పక్కన మనిషుంటె చాలు."

దేవప్ప ఆటో కోసం రోడ్డు మీదికి పోయాడు. సత్యమ్మ సరేనంది. కాదనడానికైనా ఓపిక ఉండాలి కదా.