మూడు గీతల పువ్వు

ఆ ఊరి నీటి శుద్ధి కేంద్రంలో గడ్డి కోసే మిషన్ నడిపే మనిషిని అందరూ మిషన్ బాబాయి అనేవారు. ఫిల్టర్ గదుల వెనక నుంచి కంచె దాకా పెద్ద పచ్చిక బయలు ఉంది. దాన్ని వేసవిలో మూడుసార్లు, చలి మొదలయ్యేలోపు ఒకసారి కోయడం ఇరవై రెండేళ్లుగా ఆయన పని. యాభై నాలుగేళ్లొచ్చినా పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "కుదరలేదు" అనేవాడు. ఇంకా గుచ్చి అడిగితే మిషన్ స్టార్ట్ చేసేవాడు. ఆ మోతలో ఎవరి ప్రశ్నా ఎవరికీ వినబడేది కాదు. అన్నావదినల ఇంట్లో వెనక గదిలో ఉండేవాడు.

ఒక వేసవి ఉదయం మిషన్ బ్లేడుకు తుప్పుపట్టిన తీగ చుట్టుకుంది. ఆపి, కిందకు దిగి, మోకాళ్ల మీద కూర్చుని తీగ లాగుతుంటే ముక్కుకు ఎదురుగా ఒక మొక్క కనిపించింది. చూపుడు వేలంత ఎత్తు. అంచులు రంపంలా ఉన్న చిన్న చిన్న ఆకులు. పైన చొక్కా గుండీ కంటే చిన్న తెల్ల పువ్వు, దాని రెక్కల మీద మూడు ఊదారంగు గీతలు, లోపల గొంతు దగ్గర పసుపు చుక్క. ఎవరో సన్నటి కలంతో పనిగట్టుకుని గీసినట్టుంది. పక్కన ఇంకొకటి, దాని వెనక నాలుగు. లెక్కపెడితే మంచం వేసుకునేంత జాగాలో అరవై దాకా తేలాయి. ఇన్నేళ్లుగా వీటి మీదుగానే మిషన్ నడిపానా అనుకుంటే బాబాయికి ఏదోలా అనిపించింది.

ఆ కాస్త మేర వదిలేసి చుట్టూ కోశాడు. సాయంత్రం ఇంజనీరు అటువైపు వచ్చాడు. వయసులో చిన్నవాడే కానీ మాట మర్యాద తెలిసినవాడు.

"బాబాయ్, అక్కడ క్షవరం సగంలో ఆగిపోయినట్టుందే?"

"ఏదో మొక్క ఉంది సార్. ఏమిటో తెలుసుకుని కోస్తాను."

"తెలుసుకోండి. కానీ దాని మీద మరీ మనసు పెట్టుకోకండి. వచ్చే ఏడాది చలికాలం లోపు ఇక్కడ కొత్త ట్యాంకుకి తవ్వకం మొదలవుతుంది. ఈ బయలంతా పోతుంది."

ఆ మాట విన్నాక బాబాయి ఇక ఆగలేదు. మర్నాడే ఒక చెంచాతో ఆరు మొక్కలు తవ్వాడు. వేళ్లకు చిక్కుకున్న గడ్డిని ఓపిగ్గా విడదీసి, మంచి ఎరువు కలిపిన మట్టి నింపిన కుండీలో నాటి, ఇంటికి తెచ్చి పెరటి గోడ మీద పెట్టాడు. పెరడంతా వదిన రాజ్యం. అక్కడ ఒక్క గడ్డిపోచ మొలిస్తే ఆవిడకు ఆ రోజు కాఫీ సహించదు.

"ఏమిటయ్యా ఇది? తినేదా, తలలో పెట్టుకునేదా?" అంది వదిన.

"రెండూ కాదు వదినా. ఊరికే చూసేది."

"దీన్ని చూడాలంటే ముందు నా కళ్లద్దాలు మార్పించాలి."

నాలుగో రోజుకు ఆరు మొక్కలూ తలలు వాల్చేశాయి. వారానికి ఎండు పుల్లలు మిగిలాయి. నీళ్లు ఎక్కువయ్యాయేమో అనుకున్నాడు బాబాయి. ఎండ ఎక్కువైందేమో అంది వదిన. పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నయ్య, "చావాలని ఉండి చచ్చాయేమో" అన్నాడు.

పేరు తెలియకుండా లాభం లేదని, రెండు మొక్కలను పాత డైరీ పేజీల మధ్య నొక్కిపెట్టి, సెలవు రోజు చూసుకుని కాలేజీకి వెళ్లాడు. అక్కడ బోటనీ మేడం ఎండబెట్టిన మొక్కలను అట్టలకు అంటించి దాచే గదిలో ఉంది. ఇనప బీరువాల మధ్య ఒక బల్ల, బల్ల మీద దీపం, ఒక భూతద్దం. డైరీ తెరవగానే ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుంది.

"ఎక్కడ దొరికింది మీకు?"

"మా గడ్డిలో."

ఆవిడ మొక్కను అద్దం కింద పెట్టి, పువ్వు అడుగున ఉన్న పచ్చటి తొడిమ గిన్నెను సూదితో తిప్పి, బాబాయిని కూడా చూడమంది. గిన్నె నిండా నూగు ఉంది. ప్రతి వెంట్రుక చివరా గుండుసూది తలలాంటి మెరిసే బొట్టు.

"వీటిలో ఒకదానిలా ఒకటి ఉండేవి చాలా రకాలున్నాయి. మామూలు రకాలకు ఈ బొట్లు ఉండవు," అంటూ ఆవిడ బీరువాలోంచి ఒక అట్ట తీసింది. దాని మీద గోధుమరంగుకు తిరిగిన మొక్క, అదే పొడవు, అవే రంపపు ఆకులు. "ఈ చుట్టుపక్కల దీన్ని చివరిసారి చూసింది నలభై ఒక్క ఏళ్ల కిందట. ఇక లేదనుకున్నాం."

"పోయినవారం ఆరు చంపేశాను మేడం," అని ఒప్పేసుకున్నాడు బాబాయి.

ఆవిడ నవ్వి, పెంచడం తనకూ తెలియదని, తాను ఎప్పుడూ ఎండినవాటినే చూశానని చెప్పింది. పుస్తకంలో ఉన్న వివరాలు ఒక కాగితం మీద రాసిచ్చింది. ఏడాదిలో పుట్టి పోయే మొక్క అనీ, విత్తనానికి చలి తగిలితేనే మొలుస్తుందనీ అందులో ఉంది. పైన నోరు తిరగని రెండు మాటల పేరు, దాని కింద 'అర్ధ పరాన్నజీవి' అని మరో మాట. అది కూడా పేరులో భాగమేననుకుని బాబాయి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వేసవి చివర్లో కాయలు ఎండాయి. ఆవగింజలో నాలుగో వంతు కూడా లేని విత్తనాలను కవరులోకి దులిపాడు. చలి ముందర, ఆ బయలు మట్టినే రెండు చెక్కపెట్టెల్లో నింపి, పైన చల్లి, పెరట్లో ఆరుబయట వదిలేశాడు. చలి పోయి ఎండ కాస్త వెచ్చబడే వేళకు ఒక పెట్టెలో ఇరవై మూడు, ఇంకోదాంట్లో పద్దెనిమిది మొలకలు వచ్చాయి. వాటితోపాటు గడ్డీ వచ్చింది. బాబాయి రోజూ డ్యూటీకి వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వాటి ముందు గొంతుక్కూర్చునేవాడు.

ఆ రోజుల్లో మిషన్ విడిభాగాల కోసం ఆయన పక్క ఊరు వెళ్లి రెండు రోజులు ఉండాల్సివచ్చింది. తిరిగొచ్చేసరికి పెట్టెలు అద్దంలా ఉన్నాయి. మొలకలు తప్ప ఒక్క పోచ లేదు.

"నువ్వు లేవు కదా అని కలుపంతా తీశాను," అంది వదిన, చేతులు తుడుచుకుంటూ. "నడుం పట్టేసిందనుకో. పాపం, ఆ గడ్డి మధ్య వాటికి ఊపిరాడటం లేదు."

బాబాయి నిజంగానే సంతోషించాడు. మొలకలు హాయిగా ఉన్నాయని ఇద్దరూ అనుకున్నారు. పది రోజుల్లో అవి పసుపెక్కాయి. ఎదుగుదల ఆగింది. నెల తిరిగేలోపు నలభై ఒకటీ పోయాయి.

అప్పుడు బాబాయి నోరు జారాడు. "అసలు నిన్నెవరు ముట్టుకోమన్నారు? వేళ్లన్నీ కదిపేసి ఉంటావు. నీకు అంతా శుభ్రంగా ఉండాలి, అది బతికినా చచ్చినా సరే!"

వదిన మారు మాట్లాడలేదు. అలాగని ఊరుకోనూ లేదు. భోజనానికి పిలవడం మానేసి, కంచంలో వడ్డించి బల్ల మీద మూతపెట్టి వెళ్లిపోయేది. అన్నయ్య ఇద్దరి మధ్యా ఉత్తరాల బంట్రోతు అయ్యాడు. "ఉప్పు చాలిందా అని అడుగుతోంది మీ వదిన." "చొక్కా ఉతకాలా అని అడుగుతోంది." ఎనిమిది రోజులు ఇలాగే గడిచాయి.

తొమ్మిదో రోజు ఆదివారం. బట్టలు ఉతకబోతూ వదిన బాబాయి చొక్కా జేబులు తడిమింది. చొక్కా మార్చినప్పుడల్లా బాబాయి కొత్త జేబులోకి మార్చుకునే మేడం కాగితం ఈసారి అందులోనే ఉండిపోయింది. మడతల దగ్గర చిరిగి, చెమటకు అక్షరాలు అలుక్కుపోయి ఉంది. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడి చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు చదివింది. తర్వాత మాటల పంతం సంగతే మరిచిపోయి, సరాసరి వెనక గదిలోకి వచ్చింది.

"ఏమయ్యా, ఇది చదివావా నువ్వు?"

"చదివాను. ఏం?"

"ఈ పరాన్నజీవి అంటే ఏమిటి?"

"దాని పేరు."

"నీ మొహం. పర అంటే ఇంకొకరిది. అన్నం అంటే అన్నమే. ఇంకొకరి అన్నం తిని బతికేది. సగం సొంత సంపాదన, సగం ఎదుటివాళ్ల కంచంలోంచి. మరి ఇది ఎవరి కంచంలో తింటోంది? దాని పక్కన ఏముంది?"

బాబాయి మంచం మీద నుంచి లేచాడు. "గడ్డి," అన్నాడు.

"గడ్డే! ఆ గడ్డినే నేను నడుం విరిగేలా పీకింది."

సోమవారం పని కాగానే బాబాయి కాలేజీకి పరుగెత్తాడు. అవునంది మేడం. ఈ మొక్క వేళ్లు మట్టి కింద గడ్డి వేళ్లను పట్టుకుని వాటిలోంచి నీరూ ఉప్పులూ లాక్కుంటాయనీ, ఎరువు కూడా ఎక్కువ పనికిరాదనీ చెప్పింది. ఆ సంగతి నోటితో చెప్పనందుకు తల పట్టుకుంది. "రాస్తే చాలనుకున్నాను," అంది.

ఇంటికి వస్తూ దారిలో బాబాయి లెక్క చూసుకున్నాడు. మొదటి ఆరింటినీ గడ్డి నుంచి విడదీసింది తన చేతులే. చెంచాతో, ఓపిగ్గా, ఎంతో ప్రేమగా. వదిన చేసింది కూడా సరిగ్గా అదే పని. తనను ఎవరూ ఒక్క మాట అనలేదు.

వంటగది గుమ్మంలో నిలబడి, "వదినా, నిన్ను అనవసరంగా అన్నాను. మొదట చంపింది నేనే," అన్నాడు.

వదిన కూర కలుపుతూనే ఉంది. "ఎనిమిది రోజులు నీకు విడిగా వడ్డించాను. అదే నీకు శిక్ష. కూర్చో," అంది. వడ్డిస్తూ మళ్లీ అంది, "అయినా నాకు ముందే తెలియాలి. ఇరవై ఏళ్లుగా ఒక అర్ధ పరాన్నజీవికి వండి పెడుతున్నాను కదా."

అన్నయ్య పేపరు పక్కన పడేసి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. బాబాయికీ నవ్వాగలేదు.

ఆ వేసవి, బయల్లో వదిలిన మేరలో పువ్వులు మళ్లీ పూశాయి. ఈసారి విత్తనాలు సేకరించడానికి వదిన కూడా వచ్చింది. కాయ ఏ రంగుకు తిరిగితే కోయాలో, ఏ వేళ దులిపితే తేమ ఉండదో ఆవిడకు తెలిసినట్టు బాబాయికి తెలియదు. ఇంజనీరు నక్షా పరిచి చాలాసేపు చూసి, కంచె వెంబడి పైపులు వెళ్లని చోట పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు వదులుతానన్నాడు. "అంతకు మించి నా చేతుల్లో లేదు బాబాయ్," అన్నాడు. బాబాయి బయల్లోంచి గడ్డిని మట్టితో సహా చాపల్లా కోసి అక్కడ పరిచాడు. కొన్ని విత్తనాలు దాని మీద, కొన్ని ఇంట్లో గడ్డి పెంచిన పెట్టెల్లో, కొన్ని మేడం దగ్గర.

తవ్వకం మొదలైన రోజు బాబాయి సెలవు పెట్టాలనుకున్నాడు కానీ పెట్టలేదు. యంత్రం పచ్చికను చుట్టచుట్టినట్టు ఎత్తి లారీలో వేస్తుంటే కంచె దగ్గర నిలబడి చూశాడు. మధ్యాహ్నానికి అక్కడ ఎర్రటి గుంట తప్ప మరేమీ లేదు. ఆ రాత్రి సరిగా తినలేదు. వదిన బలవంతపెట్టలేదు.

చలి వెళ్లాక పెట్టెల్లో ముప్పై ఒక్క మొలకలు వచ్చాయి. గడ్డి వాటికంటే ఎత్తుగా పెరుగుతుంటే వదిన కత్తెరతో పైపైన కత్తిరించేది. పీకాలని చేతులు దురద పెడుతున్నాయని రోజూ ఒకసారి పైకే చెప్పుకునేది. కంచె దగ్గర మాత్రం బాబాయి ఎంత వెతికినా తొమ్మిదే కనిపించాయి. వాటిలో రెండింటిని పనివాళ్ల బూట్లు తొక్కేశాయి.

పూత వచ్చాక మేడం భూతద్దంతో కంచె దగ్గరకు వచ్చింది. బాబాయి వెంట వదిన కూడా వచ్చింది. తడి గడ్డి అని చూడకుండా కూర్చుని, పువ్వు అడుగున బొట్లు సరిచూసి, "అదే," అంది. కాలేజీ అట్ట మీద అంటించడానికి ఒకే ఒక్క మొక్క కోసుకుంది. వెంట తెచ్చిన ఆ అట్ట మూల చీటీలో 'కనుగొన్నవారు' అన్న చోట బాబాయి పేరు రాసింది. 'పెంచినవారు' అన్న చోట కలం ఆపి తల ఎత్తింది.

"మా వదిన పేరు రాయండి మేడం," అన్నాడు బాబాయి.

"నాదెందుకు? నలభై ఒకటి చంపింది నేనే కదా!" అంది వదిన. కానీ మేడం రాస్తుంటే పక్కకు వంగి, తన పేరులో దీర్ఘం సరిగా పడిందో లేదో చూసుకుంది.