బానెట్ మీద తెలుపు

సున్నం బట్టీ ధనుంజయరావుగారి నల్లకారును పిడుగురాళ్లలో అందరూ బూడిద కారనేవాళ్లు. దుమ్ము పడ్డప్పుడల్లా తడిగుడ్డతో రుద్ది రుద్ది, దాని ఒంటి నిండా గీతలు పెట్టింది ఆయనే.

"ఈ ఊళ్లో నలుపు నిలవదమ్మాయ్. నీ వల్ల ఏమవుద్ది?" అన్నాడు నా కార్ల పాలిష్ షెడ్డుకొచ్చి.

నాకు ఒళ్లు మండింది. "నిలవకపోతే షెడ్డు మూసేస్తా బాబాయ్" అన్నాను.

దుమ్ము రాకుండా తలుపులు బిగించి, రెండు రోజులు మిషన్‌తో పాలిష్ పట్టాను. గీతలన్నీ పోయి అద్దంలా మెరిశాక, దుమ్ము అంటుకోకుండా పైన సిరామిక్ కోటింగ్ పూత వేశాను. అది బాగా ఆరిన తర్వాత ఆయన్ను పిలిపించి, కళ్లెదుటే బానెట్ మీద దోసెడు సున్నపు దుమ్ము చల్లాను.

"ఏమే సుకన్యా, పిచ్చి పట్టిందా ఏంది?" అంటూ ఆయన తడిగుడ్డ అందుకోబోయాడు. నేను గుడ్డ లాగేసుకుని, పైపుతో నీళ్లు వదిలాను. దుమ్మంతా నీళ్లతోపాటు జారిపోయింది. ఒక్క రేణువు కూడా అంటుకోలేదు.

ఆయన ఊరుకుంటాడా? బానెట్ మీదికి వంగి, అంగుళం అంగుళం వెతికాడు. చివరికి దొరికింది.

"ఇదిగో, ఇక్కడింకా తెల్లగానే ఉంది" అని వేలితో గట్టిగా రుద్దాడు. పోలేదు.

"అది మీ మీసం బాబాయ్" అన్నాను.