ఇంటా వంటా లేని లెక్క

మార్కులు వచ్చిన రోజు ఆ ఇంట్లో అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లకు లెక్కల్లో నూటికి పంతొమ్మిది వచ్చాయి.

"పంతొమ్మిదా! నాకంటే నయమే," అన్నాడు తండ్రి కంచం ముందు కూర్చుంటూ. ఆయన ఇళ్ళకు రంగులు వేయించే మేస్త్రీ. "నేను రెండంకెలు చేరిన పాపాన పోలేదు."

"మా వైపు మాత్రం ఏం తక్కువ? మా అన్నయ్య లెక్కల పరీక్షంటే జ్వరం తెచ్చుకునేవాడు," అంది తల్లి. "లెక్కలు మన ఇంటా వంటా లేవు. దీనికి మాత్రం ఎక్కణ్ణించి ఊడిపడతాయి?"

పిల్ల కూడా నవ్వింది. నవ్వి, మంచినీళ్ళు తాగి, పక్క గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఎందుకు వేసుకుందో ఎవరూ అడగలేదు.

చదువుతున్న అమ్మలారా, అయ్యలారా, కోపం తెచ్చుకోకుండా ఒక్క మాట చెప్పండి. "మా ఇంట్లో ఎవరికీ చదవడం రాదు" అని ఎవరైనా ఇలా పగలబడి నవ్వుతారా? తల దించుకుంటారు. లెక్కలు రావని మాత్రం ముత్తాత ఇచ్చిపోయిన ఆస్తిలా చెప్పుకుంటాం. చెప్పుకుని ఊరుకోం, ఆ ఆస్తిని పిల్లలకు కూడా పంచిపెడతాం.

ఆ తల్లి కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ఫ్రేముల్లో అద్దాలు బిగించడం, వదులైన మరలు సరిచేయడం, ముక్కు మీద జారిపోయేవాటిని వేడిచేసి వంచడం ఆమె పని. బడి అవగానే పిల్ల అక్కడికే వచ్చి, అమ్మ పని అయ్యేదాకా మూల స్టూలు మీద కూర్చుంటుంది. లోపలి గదిలో కళ్ళు పరీక్షించే డాక్టరమ్మ ఒక్కో అద్దం మారుస్తూ "ఇప్పుడెలా ఉంది? ఇప్పుడు?" అని అడుగుతుంటే, ఎదుటి మనిషి మొహం ఉన్నట్టుండి విప్పారుతుంది. పిల్ల చూసేది ఆ మొహాన్నే. పెద్దయ్యాక తనూ అదే పని చేయాలనుకుంది. దానికి ఏం చదవాలో డాక్టరమ్మనే అడిగి తెలుసుకుంది కూడా. లెక్కలు లేకుండా ఆ చదువులో అడుగు పెట్టడానికి లేదు.

ఆ అడగడం ఆ పిల్లకు పుట్టుకతోనే వచ్చింది. ఎందుకు, ఎలా అని పొడుస్తుంటుందని తండ్రి ఆమెకు గుండుసూది అని పేరు పెట్టాడు. కానీ ఏడాదిగా బడిలో గుండుసూది నోరు మెదపడం లేదు. దానికో కారణముంది.

ఆ బడి హెడ్మాస్టరు లెక్కల మాస్టారు కూడా. ఆయన దగ్గర నున్నటి చెక్క అచ్చు ఒకటి ఉండేది. వర్గ సమీకరణం వచ్చినప్పుడల్లా దాన్ని నల్లబల్ల మీద ఆనించి, చుట్టూ సుద్దముక్క తిప్పి, దొప్పలాంటి పరావలయం గీసేవారు. ఏ సమీకరణమైనా అదే దొప్ప. వంకర టింకర లేకుండా గీయడం ఆయనకు ముచ్చట, పిల్లలకు మార్కులు.

ఒకరోజు గుండుసూది లేచి, "సార్, అంకెలు మారుతున్నాయి కదా, బొమ్మ ఎందుకు మారడం లేదు?" అని అడిగింది.

"నువ్వు నాకు నేర్పుతావా? ఉన్నదున్నట్టు దించు చాలు," అన్నారాయన. తరగతి గొల్లుమంది. ఆ పిల్ల అప్పుడు కూర్చున్నది, మళ్ళీ లేవలేదు. పరీక్షలో ఎక్స్ వర్గం ముందు మైనస్ ఉన్న లెక్క వచ్చింది. ఆ బొమ్మ తలకిందులుగా, బోర్లించిన దొప్పలా రావాలి. ఆమె మాత్రం ఉన్నదున్నట్టు దించింది. ఆ లెక్కకు సున్నా వచ్చింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు మనవాళ్ళు. బాగానే ఉంది. మరి అడిగినవాళ్ళని నవ్వులపాలు చేస్తే ఆ పిల్ల ఎవర్ని అడగాలి?

మార్కులు వచ్చిన వారంలోనే హెడ్మాస్టరు కబురు పంపారు. వచ్చే ఏడు పబ్లిక్ పరీక్ష. తప్పేలా ఉన్నవాళ్ళని, లెక్కలు లేకుండా పరీక్ష రాసే ఓపెన్ స్కూలు సెక్షన్‌కు మార్చేస్తే బడి ఫలితాలు చెడవు. పెద్దవాళ్ళు సోమవారం వచ్చి సరేనంటే సరిపోతుంది.

"అదే మంచిది. దాని ప్రాణానికీ సుఖం," అంది తల్లి. గుండుసూది స్టూలు మీంచి దిగి, ఆ రోజు దుకాణం బయట గట్టు మీద కూర్చుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ బడికి కొత్త లెక్కల టీచరు వచ్చింది. సన్నగా, గట్టిగా తోస్తే పడిపోయేలా ఉండేది గానీ పట్టు పడితే ఉడుమే. మొదటిరోజే గ్రాఫుల పాఠానికి కంప్యూటర్ల గది తాళంచెవి అడిగింది.

"అతిథులు వచ్చినప్పుడు తీస్తాం. పిల్లలు ముట్టుకుంటే పాడైపోవూ?" అన్నారు హెడ్మాస్టరు.

"ముట్టుకోకపోతే పిల్లలు పాడైపోతారు సార్."

"ఇంటర్నెట్‌లో గ్రాఫులు గీసిపెట్టే పేజీలుంటాయని నాకూ తెలుసమ్మా. యంత్రం గీసిపెడితే ఇక వీళ్ళకి బుర్రెందుకు?"

"గీసిపెట్టించుకోవడానికి కాదు సార్. ముందు వాళ్ళు ఊహించి కాగితం మీద గీస్తారు. తర్వాత యంత్రంలో చూసుకుని, తప్పెక్కడుందో వాళ్ళే పట్టుకుంటారు. దానికే బుర్ర ఎక్కువ కావాలి."

ఆయన మర్నాడు చూద్దామన్నారు. ఆమె మర్నాడు వచ్చింది. ఎల్లుండి చూద్దామన్నారు. ఎల్లుండీ వచ్చింది. చివరికి ఆయనే విసిగిపోయి తాళం తీయించారు. కంప్యూటర్ల మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి. వాటిని దులిపితే పిల్లలందరూ తుమ్మారు.

"ప్రమేయం అంటే భయపడకండి," అంది టీచరు. "దానికో అంకె ఇస్తే, తన పద్ధతిలో ఇంకో అంకె తిరిగిస్తుంది. ఆ పద్ధతి మొహం ఎలా ఉంటుందో చూపించేదే గ్రాఫు. ఎక్స్ వర్గాన్ని ఒక అంకెతో గుణిద్దాం. ఆ అంకెను మార్చడానికి కింద ఈ స్లైడరు ఉంది. పెంచితే ఏమవుతుంది? ముందు చెప్పండి, తర్వాత జరపండి."

"దొప్ప వెడల్పవుతుంది," అన్నారు సగం మంది. జరిపితే ఇరుకైంది. అందరూ "ఓహో" అన్నారు. తప్పు చెప్పినందుకు ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. ఆ తెర కూడా తిట్టలేదు.

గుండుసూది మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టీచరు వచ్చి పక్కన నిలబడింది.

"నువ్వు ఊహించలేదేం?"

"తప్పవుతుందేమో టీచర్."

"తప్పయితే ఏం? మళ్ళీ జరుపుతావు."

పిల్ల మౌస్ పట్టుకుంది. ఒకటి నుంచి సగానికి, సగం నుంచి పదోవంతుకు, అక్కణ్ణించి మైనస్‌కు జరిపింది. దొప్ప బోర్లా పడింది. ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. "మారుతుంది! టీచర్, బొమ్మ మారుతుంది! నేను ఆ రోజే అడిగాను!" అని అరిచింది. కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. ఆనందానికో కోపానికో ఆమెకే తెలియలేదు.

సోమవారం తల్లి వచ్చింది. హెడ్మాస్టరు గదిలో కూర్చోమన్నా కూర్చోలేదు. "మీరెలా అంటే అలాగే సార్. లెక్కలు మా ఇంటా వంటా లేవు," అంది నవ్వుతూ.

"సార్, మాట ఇవ్వడానికి ముందు ఈమెను ఒక్క అయిదు నిమిషాలు నాతో పంపండి. మీరూ రండి," అంది అక్కడే నిలబడ్డ టీచరు.

"నన్నా? అయ్యబాబోయ్, దాని జోలికి నన్ను తీసుకెళ్ళకండమ్మా!" అంటూనే తల్లి నడిచింది. కంప్యూటరు ముందు కూతురే ఆమెకు కుర్చీ లాగింది.

"ఇది జరుపమ్మా. అంతే. ఏమీ కాదు."

తల్లి భయం భయంగా జరిపింది. దొప్ప విచ్చుకుంది. ఇంకా జరిపితే ఇంకా విచ్చుకుంది. మైనస్‌లోకి పోగానే బోర్లపడింది. వెనక్కి తెచ్చింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు.

"ఆగండాగండి. అటు దొప్ప, ఇటు దొప్ప. మధ్యలో ఒక్కచోట వంపే లేకుండా తిన్నగా పడుకుంటుందే, అదేమిటి?"

"అక్కడ అంకె సున్నా అమ్మా. ఎక్స్ వర్గం ఎంతయినా సున్నాతో గుణిస్తే సున్నానే కదా. అందుకని అన్నిచోట్లా ఎత్తు సున్నా."

తల్లి చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. "చిన్నప్పుడు నేనిదే అడిగాను," అంది మెల్లగా. "అంత పెద్ద అంకె కూడా సున్నాతో గుణిస్తే ఎందుకు మాయమైపోతుందని. బెంచీ ఎక్కించారు. సాయంత్రం దాకా దించలేదు."

కూతురు తల్లి చేతి మీద చెయ్యి వేసి స్లైడరు మళ్ళీ మొదట్నించీ జరిపింది. "చూడు. సగంతో గుణిస్తే సగం ఎత్తు. పదోవంతుతో అయితే పదోవంతు. తగ్గిస్తూ తగ్గిస్తూ పోతే ఎక్కడికి చేరాలి? అది ఉన్నట్టుండి మాయం కాదమ్మా. కొంచెం కొంచెంగా దిగి అక్కడికి వస్తుంది."

"ఇది మా సున్నా పవర్ అద్దం!" అంది తల్లి గబుక్కున. "ప్లస్ అద్దం ఉబ్బుగా ఉంటుంది, మైనస్‌కి గుంట. పవర్ తగ్గేకొద్దీ ఉబ్బు తగ్గి తగ్గి, సున్నాకొచ్చేసరికి బల్లపరుపే. రోజూ చేత్తో పట్టుకుంటున్నానే! ఇదా లెక్కంటే?"

"ఇదే," అంది టీచరు.

తల్లి లేచి నిలబడింది. వచ్చినప్పటి నవ్వు ఇప్పుడామె మొహంలో లేదు. "సార్, మా పిల్ల లెక్కలు మానదు. తప్పితే మళ్ళీ రాయిస్తాను. మళ్ళీ తప్పితే మళ్ళీ రాయిస్తాను. నన్ను బెంచీ ఎక్కించినట్టు దాన్ని పక్కన పెట్టనివ్వను."

హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. చాలాకాలంగా ఒకే అచ్చుతో గీస్తూ వచ్చిన మనిషి, అంతే. ఆయన తెర వైపు చూశారు, తర్వాత గుండుసూది వైపు చూశారు. "ఆ రోజు నువ్వు అడిగింది సరైన ప్రశ్నేనమ్మా. నేనే సరిగ్గా జవాబు చెప్పలేదు," అన్నారు. గొలుసులోంచి ఆ గది తాళంచెవి తీసి టీచరు చేతిలో పెట్టారు. "మీ దగ్గరే ఉంచుకోండి. మిగతా పిల్లల పెద్దవాళ్ళు కూడా వస్తారు. వాళ్ళని ముందు ఇక్కడికే తీసుకురండి."

ఆ సాయంత్రం తండ్రి అన్నం ముందు కూర్చుని అలవాటు చొప్పున మొదలుపెట్టాడు. "ఏమన్నారు మీ పెద్దసారు? చెప్పావా, లెక్కలు మన ఇంటా వంటా..."

"ఆ మాట ఇక ఈ ఇంట్లో అనకండి," అంది తల్లి. అనడంతో సరిపెట్టలేదు. ఆయన ఫోను తీసుకుని, ఆ గ్రాఫుల పేజీ తెరిచి, స్లైడరు మీద ఆయన వేలు పెట్టించింది. "జరపండి. ముందు ఏమవుతుందో చెప్పి, అప్పుడు జరపండి. తప్పయినా ఫరవాలేదు, ఎవరూ నవ్వరు. లెక్కలు రాకపోవడం మన రక్తంలో లేదండీ. అడిగిన నోరు మూయించారు, మనం నవ్వుతూ ఊరుకున్నాం, అంతే. నా బిడ్డ అడుగుతుంది."