ఇరవై రెండో బొమ్మ

సంచి వచ్చిందంటే ఆ ఇంట్లో ఇక వేరే పని సాగేది కాదు. పంతొమ్మిది వందల డెబ్భై ఆరు నుంచి రెండు నెలలకోసారి పోస్టుమన్ మొగిలయ్య వరంగల్ ఫాతిమానగర్‌లోని ఆ పెంకుటింటి ముందు సైకిల్ ఆపి, లక్క ముద్రలేసిన గుడ్డ సంచి ఒకటి అందించేవాడు. జ్ఞానప్రకాశం సారు బడి నుంచి వచ్చీ రాగానే దాన్ని ఒళ్లో పెట్టుకుని కుట్లు విప్పేవాడు. లోపల అట్టకు అంటించిన బొమ్మ ఒకటి, పొడుగాటి నోటుబుక్కు ఒకటి ఉండేవి. ఆ మాత్రం దానికే మనిషి ముఖం వెలిగిపోయేది. పిల్లాజెల్లా లేని ఇల్లు కదా, మొదట్లో ఆయన భార్య సారమ్మకు ఆ సంచి మీద కొంచెం కుళ్లు కూడా ఉండేది.

దాని కథ ఇదీ. నర్సంపేట పత్తి మార్కెట్లో గుమాస్తాగా చేసే వెంకట్రాజం ఒక ఆదివారం హైదరాబాదు ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు పుస్తకం కొన్నాడు. మూడు నాలుగు వందల ఏళ్ల కింద యూరపులో వేసిన బొమ్మలు, బరోక్ కళ అంటారట దాన్ని. మొత్తం నలభై బొమ్మలు, అచ్చంతా నలుపూ తెలుపే. చీకటి గదుల్లో ఏదో ఒక మూల నుంచి వెలుతురు పడుతుంటే అందులో మనుషులు కనిపిస్తారు. ఎంత చూసినా తనొక్కడికి అంతుపట్టక, తోడు ఎవరైనా కలిసి చదువుతారా అని ఒక వారపత్రికకు ఉత్తరం రాశాడు. ముగ్గురు జవాబిచ్చారు. ములుగు అటవీ ఆఫీసులో మ్యాపులు గీసే సారంగపాణి, జనగామలో పంతులమ్మ విజయలక్ష్మి, వరంగల్లో డ్రాయింగు మాస్టరు జ్ఞానప్రకాశం.

వెంకట్రాజం పుస్తకం కుట్లు ఊడదీసి ఒక్కో బొమ్మనూ నాలుగు ఊళ్లూ తిప్పడం మొదలుపెట్టాడు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు నోటుబుక్కులో తమకు కనిపించింది రాయాలి, పక్కవాళ్లు రాసినదాని మీద ఉన్నదున్నట్టు చెప్పాలి. నలభై బొమ్మలూ అయ్యేదాకా ఒకరి గడప ఒకరు తొక్కకూడదు. ముఖాలు చూసుకుంటే మొహమాటం పుడుతుందని, ఇక ఎవరూ నిజం రాయరని వెంకట్రాజం పెట్టిన షరతు అది. అన్నీ అయ్యాక మాత్రం, అందరికీ నడుమ ఊరు కాబట్టి, జ్ఞానప్రకాశం ఇంట్లో కలుసుకోవాలి. సారు ఆ రోజు కోసం అప్పుడే కుర్చీలకు రంగు వేసి పెట్టుకున్నాడు.

సారు చేతిలో బొమ్మ బాగా వచ్చేది గానీ అక్షరం కోడి గెలికినట్టుండేది. రెండో బొమ్మకే వెంకట్రాజం మొరపెట్టుకున్నాడు. అప్పటి నుంచి సారు కాగితం మీద రాసిచ్చేది సారమ్మ నోటుబుక్కులోకి ఎత్తేది. కాన్వెంటు బోర్డింగులో ఏడో తరగతి దాకా చదివిన చేతిరాత ఆమెది, ముత్యాల్లాంటి అక్షరాలు. రాతలో మాత్రం పెద్ద సరుకు ఉండేది కాదు, దాచడమెందుకు. బొమ్మ వేసిందెవరు, ఎప్పుడు పుట్టాడు, ఎప్పుడు పోయాడు, పొడుగెంత, వెడల్పెంత. కాలేజీ లైబ్రరీలో కూర్చుని ఎక్కడెక్కడి నుంచో పోగు చేసుకొచ్చేవాడు. తప్పుడు తారీఖు ఒకటి పడిందని తెలిస్తే ఆ పూట అన్నం తినేవాడు కాదు.

డెబ్భై తొమ్మిది చివర్లో సారు మూత్రపిండాలు చెడి మంచం పట్టాడు. దవాఖాన నుంచి ఇంటికొచ్చిన వారానికే ఇరవై ఒకటో బొమ్మ వచ్చింది. దాంతోపాటు, సారు వెనకటి రాత మీద సారంగపాణి నోటుబుక్కులో రాసిన మాట వచ్చింది. "జ్ఞానప్రకాశం గారి రాతలు రైల్వే టైంటేబుల్ లాగున్నాయి. ఆయన బొమ్మను చూడడు, బొమ్మ కింది అచ్చు చూస్తాడు."

సారు అది రెండుసార్లు చదివాడు. బొమ్మను బియ్యం డబ్బాకు ఆనించి మూడు రోజులు దాని వంకే చూస్తూ పడుకున్నాడు. పనిమనిషి ఒకతె కిటికీ పక్కన నిలబడి గిన్నెలోకి పాలు వంచుతున్న బొమ్మ. మూడో రోజు సాయంత్రం సారమ్మను పిలిచాడు.

"ఇండ్ల ఏమున్నదే సారా? నీకేం కనబడ్తాంది, జర చెప్పు."

ఆమెకు కనబడుతూనే ఉంది. బల్ల మీద రొట్టె ముక్కలు ఎండిపోయినవి. వాటిని తడపడానికే ఆ పిల్ల పాలను అంత సన్నటి ధారగా పోస్తోంది, ఒక్క చుక్క ఎక్కువైతే రొట్టె పాడవుతుంది. కానీ పొయ్యి మీద కూర మాడుతోంది. పైగా పెద్ద చదువుల ముచ్చట్లో తను నోరు పెట్టడమేమిటని సిగ్గు. "నాకేం ఎరుక, లేచి ఇంత అన్నం తినుండ్రి" అనేసింది. సారు మళ్లీ తారీఖులే రాసిచ్చాడు. ఎనభై జనవరిలో పోయాడు.

పోయిన మూడు వారాలకు ఇరవై రెండో బొమ్మ వచ్చింది. సారు లేడని రెండు ముక్కలు రాసి పంపేద్దామనే సారమ్మ కుట్లు విప్పింది. నోటుబుక్కు తెరిస్తే సారంగపాణి అక్షరాలు. "పోయినసారి నోరు జారాను. మనసులో పెట్టుకోకండి." ఇప్పుడు తను చావు కబురు రాస్తే, ఆ పుస్తకంలో తన భర్త గురించి మిగిలేది రైల్వే టైంటేబుల్ అన్న మాటే. ఆ ఆలోచన రాగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

బొమ్మ కారవాజియో వేసినది, మరియతల్లి మరణం. తల్లి బల్ల మీద పడి ఉంది, ఉత్త కాళ్లు బయటికి చాచుకుని ఉన్నాయి. చుట్టూ మగవాళ్లు. ముందు ఒక పడుచు తల వాల్చి కూర్చుంది, ఆమె కాళ్ల దగ్గర ఒక బేసిను. ఆ బేసిను అక్కడెందుకుందో తెలియడం లేదని వెంకట్రాజం రాశాడు. ఖాళీ నింపడానికి పెట్టాడని సారంగపాణి రాశాడు. సారమ్మ కలం తీసి నేరుగా నోటుబుక్కులోనే రాసింది.

"అది శవానికి స్నానం చేయించిన బేసిను. ఆ పిల్ల ఇప్పుడే ఆ పని ముగించింది. నీళ్లు పారబోయడానికి కూడా ఓపిక లేదు. ఇంతసేపూ చేతులకు పని ఉండె, ఏడవడానికి ఇప్పుడే తీరిక దొరికింది. సారంగపాణి గారూ, నేను మనసులో ఏమీ పెట్టుకోలేదు." కింద జ్ఞానప్రకాశం అని సంతకం పెట్టింది.

ఒక్కసారికే అనుకుంది. తర్వాతి సంచిలో ముగ్గురూ ఆ ఒక్క పేజీ గురించే రాశారు. జ్ఞానప్రకాశం గారూ, ఇన్నేళ్లకు మీ కళ్లు తెరుచుకున్నాయి అన్నాడు వెంకట్రాజం. ఆ పేజీ చదివి మా అమ్మ పోయిన రోజు గుర్తొచ్చి ఏడ్చానని విజయలక్ష్మి రాసింది. సారమ్మ ఆ పొగడ్తలు సారు ఫోటో ముందు పైకి చదివింది, ఆయనకే అందుతున్నట్టు. ఇక ఆపడం ఆమె వల్ల కాలేదు. సారు చేసిన బడిలోనే ఆమెకు అటెండరు పని ఇచ్చారు. పొద్దంతా అక్కడ గంట కొట్టి, ఇంటికొచ్చి సారు పేరు మీద రాసేది. మొత్తం పంతొమ్మిది బొమ్మలు, మూడేళ్లు.

ఎనభై మూడు ఏప్రిల్ మొదట్లో నలభయ్యో బొమ్మ తిరగడం పూర్తయింది. ఈస్టరు వెళ్లిన రెండో ఆదివారం ముగ్గురూ వస్తున్నట్టు కార్డు వచ్చింది. ఆ పొద్దున సారమ్మ గోడ మీది ఫోటో తీసి పెట్టెలో దాచింది. వాళ్లకు ఏం చెప్పాలో అప్పటికీ తేల్చుకోలేదు. సంతకం పెట్టినంత సులువు కాదు కదా, మనిషిని చూపించడం.

పదకొండింటికి వచ్చారు. వెంకట్రాజం బట్టతల పెద్దమనిషి. విజయలక్ష్మి తల నెరిసిన నవ్వుముఖం. సారంగపాణి పొట్టిగా, బక్కగా, చేతిలో తేనె సీసాతో గుమ్మం దగ్గరే మొహమాటపడుతూ నిలబడ్డాడు. అంత మాట రాసింది ఈ మనిషా అనిపించింది సారమ్మకు. "సారు బయటికి పోయిండు, కూసోండ్రి" అంది. రంగు కుర్చీల్లో కూర్చున్నారు.

"సారు వచ్చేలోపు మీకో ముచ్చట చెప్తనమ్మా" అన్నాడు వెంకట్రాజం. "మన రాతలు సైక్లోస్టైల్ కాపీలు తీపిచ్చి పుస్తకంగ కుట్టిద్దామనుకుంటున్నం. సదువుకునే పిల్లలకు పనికొస్తయి. అన్నీ ఎయ్యలేం గద, ఎవలయి వాళ్లయి మంచియి ఏరిన."

"సారుయి?"

"ఇరవై రెండు కాన్నుంచి అన్నీ ఏస్తున్నం. మొదటియి..." ఆయన నసిగి విజయలక్ష్మి వంక చూశాడు.

"మొదటియి తీసేస్తే సారు ఏమనుకోడు గద అక్కా?" అంది విజయలక్ష్మి. "అండ్ల తారీఖులు తప్ప ఏం లేవు. అప్పటి సారుకు, ఇప్పటి సారుకు పొంతనే లేదు."

సారమ్మ గోడ మీద ఫోటో తీసిన మేకు వంక చూసింది. మూడేళ్లు ఆయన్ను కాపాడుతున్నాననుకుంది. కాపాడింది పేరునే. మనిషిని తనే చేజేతులా బయటికి నెట్టింది. ఇప్పుడు గమ్మునుంటే సారు గొప్పవాడుగా అచ్చవుతాడు, ఆ అచ్చులో ఆయనది ఒక్క ముక్క ఉండదు. జ్వరంలో లైబ్రరీకి పోయి తెచ్చుకున్న తారీఖులు చెత్తలోకి పోతాయి. నిజం చెబితే ఆయన మామూలు మనిషని తేలిపోతుంది. కానీ ఆమె కాపురం చేసింది ఆ మామూలు మనిషితోనే.

"మీరు తీసేస్తాన్నయే సారు రాసినయి" అంది. "సారు పోయి మూడేండ్లు దాటింది. ఇరవై రెండు కాన్నుంచి రాసింది నేను."

 ఆమె లోపలికెళ్లి ఫోటో తెచ్చి ఖాళీ కుర్చీలో పెట్టింది. విజయలక్ష్మి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఎన్నడూ చూడని ఆ ముఖాన్ని వాళ్లు చాలాసేపు చూశారు. చివరికి వెంకట్రాజం జేబులోంచి ఏరిన రాతల జాబితా తీసి, కొట్టేసిన చోట మళ్లీ అంకెలు వేశాడు.

"సారుయి ఇరవై ఒకటీ ఏస్తం. తారీఖులతోని సహా. మీయి మీ పేరు మీద ఏస్తం, మీరొద్దన్నా సరే."

సారంగపాణి మాత్రం ఫోటో మీంచి చూపు తిప్పలేదు. "అమ్మా, ఆ టైంటేబుల్ మాట సారు సదివిండా?"

"సదివిండు."

"నోరు జారిన్నని రాసింది?"

"అది వచ్చేసరికి మూడు వారాలైంది, ఆయన పోయి."

"మరి మనసుల పెట్టుకోలేదని..."

"నేనే రాసిన."

ఆయన కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఇన్ని దినాలు ఆ ఒక్క మాట మీదనే నిమ్మళంగున్న తల్లీ. ఇప్పుడన్న చెప్పు. సారు మనసుల పెట్టుకోలేదు గద?"

సారమ్మ నోరు తెరిచింది. ఆయన పేరు మీద పంతొమ్మిది సార్లు అలవోకగా రాసిన మనిషి, ఈ ఒక్క మాట చెప్పలేకపోయింది.

"నాకు తెల్వదన్నా" అంది. "పొయ్యేదాక ఆ మాట ఎత్తలే. నేను అడగలే."