ముందు ఇరవై రెండు, వెనక ఇరవై ఆరు

బతు బస్తీలో కనకలక్ష్మి టైర్ల షాపు ముందు ఆ పొద్దున్న పాత పద్మిని కారొకటి వచ్చి ఆగింది. కనకలక్ష్మి తల ఎత్తలేదు. ఎవరిదో చూడనక్కర్లేదు. అంత బడాయిగా హారన్ కొట్టే మనిషి పోర్ట్ బ్లెయిర్ మొత్తానికి ఒక్కడే. సొంత అక్క మొగుడు తాతబ్బాయి. హాడో రేవులో ముప్పై ఏళ్ళు క్రేను నడిపి రిటైరైనవాడు. ఆయన మాట నమ్మితే, ఓ తుపానులో షిప్పు ఒరిగిపోతుంటే క్రేనుతో చెవి పట్టుకుని నిలబెట్టింది ఆయనే.

బావామరదళ్ళకి పదకొండేళ్ళుగా మాటల్లేవు. నాన్న పోయి షాపు కనకలక్ష్మి చేతికొచ్చిన రోజున తాతబ్బాయి పదిమందిలో, "ఆడది జాకీ పడితే ఈ షాపు మూడు నెల్లే" అన్నాడు. ఆ మూడు నెలలు ఇంకా నిండనే లేదు. ఈ పదకొండేళ్ళలో ఆమె విప్పి బిగించిన టైర్లని వరసగా పేరిస్తే వాటి మీద అడుగులేసుకుంటూ సముద్రం దాటి మద్రాసులో తేలొచ్చు. తాతబ్బాయి మాత్రం ఆ గుమ్మం తొక్కలేదు.

ఇవాళ తొక్కక తప్పలేదు. కారుకి ఎవరో ఇచ్చిన వెడల్పాటి రేడియల్ టైర్లు వేసుకొచ్చాడు. కుందేలు గంబూట్లు తొడుక్కున్నట్టుంది ఆ కారు. తాతబ్బాయి దిగి, మరదలి వైపు చూడకుండా బానెట్ మీద చెయ్యేసి కారుతో మాట్లాడాడు.

"ఏమే పద్మినీ, స్టీరింగు తిప్పితే టైరు మడ్‌గార్డుకి రాసుకుంటంది. ఎందుకో ఈ షాపోలని అడుగు."

కనకలక్ష్మి కూడా పానాతో కారు తలుపు మీద చిన్నగా తట్టి కారుతోనే అంది. "పద్మినీ, మీ ఓనరుకి సెప్పవే. మూడో నెంబరు కాలికి తొమ్మిదో నెంబరు బూటేస్తే రాసుకోక ముద్దెట్టుకుంటాదేటి?"

"గాలి బాగానే ఉంది. నలబై కొట్టించాను. క్రేనుకి నూరు కొట్టీవోలం. నలబై అంటే దానికి టిఫినుక్కూడా సాలదు."

"ఇది క్రేనేటే పద్మినీ? నీ మీద కంటైనర్లు ఎత్తుతున్నాడేటి? ఎక్కేది మా అక్క."

అదీ అసలు సంగతి. అక్క అసిరమ్మకి విశాఖపట్నంలో వెన్నుపూసకి ఆపరేషన్ అయింది. విమానం ఎక్కితే చెవులు పగిలి చేతిలోకి వస్తాయని షిప్పులోనే బయల్దేరింది. ఎల్లుండి హాడోలో దిగుతుంది. నెల రోజుల దాకా గట్టి కుదుపు తగలకూడదు, తగిలితే మళ్ళీ కొయ్యాల్సొస్తుందని డాక్టరు రాసిచ్చాడు. అంబులెన్సు వద్దంది, ఆ సైరను వింటే తనే పోయాననుకుంటుందట. మా పద్మిని వెనక సీట్లో పడుకునే ఇంటికి వస్తానని ఫోనులో తెగేసి చెప్పింది. హాడో నుంచి మిన్నీ బేలో ఇంటి దాకా రోడ్డుకి ఉన్న గుంతలు లెక్కపెట్టబోయినవాడు సగంలో చంటిపిల్లాడిలా ఏడ్చి వెనక్కి తిరిగాడని చెప్పుకుంటారు.

కనకలక్ష్మి గేజి పెట్టి చూసింది. ముల్లు నలభై దగ్గర బిగుసుకుని నిలబడింది. టైరుని వేలితో మీటితే గుడిగంటలా మోగింది. లోపలికి వెళ్ళి సన్నటి నైలాన్ టైర్లు నాలుగు దొర్లించుకొచ్చింది. ఊళ్ళో ఇంకా మిగిలిన రెండు మూడు పద్మిని కార్ల కోసం పోయిన నెలే షిప్పులో తెప్పించిన సరుకు.

"పద్మినీ, ఇదీ నీ పుట్టిన్నాటి సైజు. ఇరవై ముప్పై స్పీడులో గుంతల మీద నైలానే మెత్తగా పోతాది. రేడియలు మెయిన్‌లాండు పెద్ద రోడ్లకి. ముందు ఇరవై రెండు, వెనక మడిసి పడుకుంటాది కాబట్టి ఇరవై ఆరు. బస్."

"ఇరవై రెండా? అది గాలా, ముసలోడి దగ్గా? టైరు నేలకి అంటుకుపోదేటి?"

"అంటుకోదు. మిగిలిన గాలంతా మీ ఓనరు బుర్రలోనే ఉండనీ."

తాతబ్బాయి మొహం రేవులో లంగరు గొలుసులా తుప్పెక్కిన రంగుకి తిరిగింది. పక్కనే గుడ్లూ కూరగాయలూ అమ్మే తులసమ్మ బేరం వదిలేసి వచ్చి నిలబడింది. ఆమెకి ఇద్దరి మీదా చిరాకే. కారుని మధ్యవర్తిని చేసి వీళ్ళు తిట్టుకుంటుంటే తన గిరాకీ అంతా అటే చూస్తోంది.

"అరె దీదీ, భయ్యా, కారు నోరిప్పి సెప్పదు," అంది తులసమ్మ. "నా గుడ్ల ట్రే వెనక సీట్లో పెట్టి హాడో ఎల్లి రండి. గుడ్లే అసిరమ్మొదిన నడుం అనుకోండి. పగిలినన్నీ ఎవుడి టైరు ఓడితే ఆడు తినాల."

ముందు తన వెడల్పు టైర్లతోనే అని తాతబ్బాయి సరేనన్నాడు. వెనక్కి తగ్గే అలవాటు క్రేనుకి ఉంది గాని ఆయనకి లేదు. ముప్పై గుడ్ల ట్రే వెనక సీట్లో పెట్టారు. సాక్షిగా తులసమ్మ ముందు కూర్చుంది. కనకలక్ష్మి షాపు గుమ్మంలో నిలబడి పళ్ళు నూరింది.

అరగంటకి తిరిగొచ్చారు. తులసమ్మ దిగుతూనే నడుం పట్టుకుంది. మొదటి స్పీడ్ బ్రేకరుకి గుడ్లన్నీ లేచి టాపుకి దణ్ణం పెట్టాయట. రెండోదానికి అరడజను గుడ్లు ప్రాణభయంతో కిటికీలోంచి దూకేశాయట. మూడోదానికి కారు గాల్లోకి లేచి ఎంతసేపు ఉండిపోయిందంటే, కింద నుంచి ఓ ఆవు తాపీగా రోడ్డు దాటిపోయిందట. మిగతావన్నీ సీటు మీదే పగిలి, ఆ ఎండకి ఆమ్లెట్టయి కూర్చున్నాయి. ఉల్లిపాయ ఒక్కటే తక్కువ.

తాతబ్బాయి అద్దం తుడుచుకుంటూ, "గుడ్లు నాసిరకం" అన్నాడు.

కనకలక్ష్మి బకెట్టు తెచ్చింది. సీటు కడిగింది. గంబూట్లు పీకి సన్న టైర్లు బిగించింది. ఎండలో వేడెక్కిన చక్రాలు చల్లారేదాకా ఆగి, ముందు ఇరవై రెండు, వెనక ఇరవై ఆరు కొట్టింది. మళ్ళీ ముప్పై గుడ్లు, మళ్ళీ తులసమ్మ, మళ్ళీ తాతబ్బాయే డ్రైవరు. ఈసారి ఇరవై ఎనిమిది గుడ్లు చెక్కు చెదరకుండా వచ్చాయి. రెండు చిట్లాయి.

"సూశావా పద్మినీ, రెండు పగిలాయి," అన్నాడు తాతబ్బాయి.

"అవి కోడి కడుపులోనే పగిలుంటాయి. మీ ఓనరు పక్కింటి కోడి అయ్యుంటాది," అంది కనకలక్ష్మి.

తాతబ్బాయి కారెక్కి తలుపు వేసిన ఊపుకి షాపు రేకులు అదిరాయి. "టైర్లు ఉంచుకుంటాను. గాలి నా యిష్టం. పద్మినీ, పద."

ఆ ఒక్క మాట కనకలక్ష్మికి రెండు రోజులు అన్నం సయించనివ్వలేదు. అక్క వెన్నులో కుట్లు ఎలా ఉంటాయో ఫోనులో ఫొటో చూసింది. మధ్యాహ్నం కన్ను మూస్తే చాలు, ఆ కుట్లు ఒక్కొక్కటే పుటుక్కు పుటుక్కుమని తెగుతున్నట్టు వినిపించేది.

షిప్పొచ్చే రోజు ఆటో ఎక్కి హాడో వెళ్ళింది. గేటు పక్కన ఎండలో పద్మిని ఉంది. తాతబ్బాయి లోపల షిప్పు దగ్గరున్నాడు. కనకలక్ష్మి వంగి వేలి కణుపుతో టైరుని కొట్టింది. ఠంగుమంది. ఆ మోత విని కూలీలు నలుగురు షిప్పు హారనేమోనని లేచి నిలబడ్డారు. గేజి పెట్టింది. నలభై నాలుగు.

రోడ్డు మీద చతికిలబడి వాల్వు నొక్కింది. గాలి స్స్స్‌మంటూ బుసకొట్టింది. మొదటి టైరు అవుతుండగా తాతబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. కారుతో మాట్లాడాలన్న సంగతి ఆయనకి గుర్తు రాలేదు.

"ఏటే కనకం, పట్టపగలు గాలి దొంగతనం సేస్తావేటి? లే."

"లెగను బావా. కావాలంటే నా సెయ్యి మీద నుంచి కారు పోనీ."

"నీకు బతు బస్తీ తప్ప లోకం తెలీదు. నాను ముప్పై ఏళ్ళు..."

"ముప్పై ఏళ్ళు ఇనపపెట్టెలెత్తావు. అవి అమ్మా అనవు. మా అక్క అంటాది."

తాతబ్బాయి ఆమె చేతిలోంచి గేజి లాక్కుని చూశాడు. గెలిచినవాడిలా నవ్వి కూలీలందరికీ చూపించాడు. "సూడండెహే. ఇరవై రెండు ఇరవై రెండని సంపింది. ఇప్పుడు ఇరవై అయిదు దగ్గర ఆపింది. దీని లెక్కకే దిక్కు లేదు, నాకు సెప్పొచ్చింది."

"మిన్నీ బే నుంచి ఎండలో తోలుకొచ్చావు. టైరు కాలిపోతంది. వేడి మీద మూడు ఎక్కువ సూపిస్తాది. ఇప్పుడు ఇరవై రెండుకి దించితే సల్లారాక పంతొమ్మిదే ఉంటాది. ముప్పై ఏళ్ళలో క్రేను ఎప్పుడూ ఎండలో నిలబడలేదేటి?"

కూలీల్లో ఒకడు ఫక్కుమన్నాడు. తాతబ్బాయి గేజిని నేలకేసి కొట్టబోయి ఆగాడు. గేటులోంచి చక్రాల కుర్చీ వస్తోంది. అందులో అసిరమ్మ. నెలన్నరలో సగమైపోయింది. నడుముకి బిగించిన బెల్టు ఒక్కటే బలంగా కనిపిస్తోంది.

తాతబ్బాయి మొహంలో ఎరుపు దిగిపోయింది. భార్య బుగ్గల గుంతలు చూశాడు. కింద టైరు చూశాడు. గేజి మరదలి ఒళ్ళోకి విసిరేశాడు. "వెనకవి కూడా తీ. బేగి."

"మీ ఇద్దరి గొంతులూ డెక్కు మీదికే ఇనపడ్డాయి," అంది అసిరమ్మ. "తరవాత కొట్టుకు సావండి. ఇంజను పక్కనే నా బెర్తు. మూడ్రోజులు కన్ను మూయలేదు."

వెనక సీట్లో అడ్డంగా పడుకుని చెల్లెలి ఒళ్ళో తల పెట్టుకుంది. తాతబ్బాయి ఇరవై స్పీడు దాటలేదు. మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గర ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. టైర్లు నలిగి, సర్దుకుని, దాన్ని మింగేసినట్టు దాటాయి. రెండోదానికి అసిరమ్మ కళ్ళు మూతలు పడ్డాయి. మూడోదానికి గురక మొదలైంది. గుంతలు కూడా ఆ గురక వినే పక్కకి తప్పుకున్నాయని తర్వాత తాతబ్బాయి ఊరంతా చెప్పాడు.

మిన్నీ బేలో ఇంటి ముందు కారాగింది. గురక ఆగలేదు. లేపడానికి ఇద్దరికీ చేతులు రాలేదు. కనకలక్ష్మి అక్క తలకింద దిండు జరిపి, చీమ నడకతో దిగింది. తాతబ్బాయి తలుపు మూయకుండా అలాగే వదిలేశాడు. సముద్రం మీద నుంచి ఎండ తిరిగి కిటికీలో పడుతుంటే ఇంట్లోంచి దుప్పటి తెచ్చాడు. చెరో కొస పట్టుకుని కిటికీకి ఆ పక్కొకరు ఈ పక్కొకరు నిలబడ్డారు.

"ఇదంతా నా డ్రైవింగు," అన్నాడు తాతబ్బాయి, గొంతు కాదు, పెదాలే కదిపి.

"నా గాలి," అంది కనకలక్ష్మి, అంతకంటే చిన్నగా.

"నీ షాపు మూడు నెల్లే. రాసిస్తాను."

"రాయడమొచ్చా నీకు? కొస పైకెత్తు, మొహం మీద పడతంది ఎండ."

ఆయన కొస పైకెత్తాడు. ఎత్తి, ఆమె ఏడు తరాలనీ ఒక్కొక్కరినే పేరుపేరునా గుసగుసగా తిట్టడం మొదలెట్టాడు. ఆమె ఎనిమిదో తరం దాకా అందుకుంది. రెండు గంటల సేపు ఒక్క మాట కూడా కారులోకి పోనివ్వకుండా తిట్టుకున్నారు.