దోల్పా కొండమీద టికెట్ల గది

నేపాల్‌లోని దోల్పా కొండమీదికి చిన్న విమానాలు నడిపిన కంపెనీ మూతపడి రెండేళ్లయింది. అయినా అక్కడ టికెట్లిచ్చిన నంఖా రోజూ గది తెరిచి, రన్‌వే మీది జడలబర్రెల్ని తరిమి వచ్చి కూర్చునేవాడు. భార్య పోయాక ఇంట్లో పలకరించే మనిషి లేదు.

ఒక ఉదయం యాంగ్జోమ్ అవ్వ రెండు రోజులు నడిచి వచ్చింది.

"కింద నేపాల్‌గంజ్ పట్నంలో నా కూతురికి పురుడు. ఒక టికెట్టియ్యి నాయనా."

"విమానం రాదవ్వా. కంపెనీ ఎత్తేశారు."

"మరి నువ్విక్కడ ఎవరికోసం కూర్చున్నావు?"

నంఖా లేచి పొయ్యి ముట్టించాడు. వెన్న టీ కాచి ఇచ్చాడు. ఆమె తాగాక మూట తన భుజాన వేసుకున్నాడు.

"పదవ్వా, బస్సు దాకా నేనొస్తా. మూడు రోజుల నడక."

గదికి తాళం వేశాడు. కంపెనీ తాళంచెవి ఇక ఎవరికివ్వాలో తెలియక చాలాసేపు గుమ్మం ముందే నిలబడిపోయాడు.